ఎల్లోరా దారిలో ఆగవలసిన కోట

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమ్మేళనంలో ఒక విశ్రాంత చీఫ్ మేనేజరు చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మేడమ్, ఈసారి ఎల్‌ఎఫ్‌సీలో మనవాళ్లు చాలామంది అజంతా, ఎల్లోరా వెళ్తున్నారు. మీరు అక్కడ పనిచేశారు కదా, ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. కానీ అజంతా, ఎల్లోరాల గురించి చెప్పడానికి పుస్తకాలున్నాయి, గైడ్లున్నారు. వాటి జోలికి నేను పోను. ఔరంగాబాదు నుంచి ఎల్లోరాకు వెళ్లే దారిలో పదిహేను కిలోమీటర్లు పోయేసరికి ఒక కొండ కనిపిస్తుంది. డ్రైవరు "దౌలతాబాద్ కిల్లా" అంటాడు. అందరూ ఫోన్లు కిటికీకి ఆనించి ఫోటో తీసుకుంటారు. బస్సు వెళ్లిపోతుంది. ఈసారి మీరు ఆ బస్సు ఆపించాలి. ఈ అరగంటలో నేను చేయదలచుకున్న పని అదొక్కటే.

ఆ ఊరి పేరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. నేనున్న రోజుల్లో ఔరంగాబాదు కాబట్టి నా నోటికి ఆ పేరే వస్తుంది. స్కేల్ త్రీ ప్రమోషన్‌తో పాటు అక్కడికి పోస్టింగ్ వచ్చింది. మావారు హనుమకొండలో లెక్చరరు. పిల్లలిద్దరూ స్కూల్లో. ప్రమోషన్ వదులుకుందామా వద్దా అని ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. చివరికి మా అత్తగారు, "నువ్వెళ్లమ్మా, పిల్లల సంగతి నేను చూసుకుంటాను" అని తేల్చేశారు. మూడేళ్లు అక్కడ ఒక్కదాన్నే ఉన్నాను. పనిరోజులు ఎలాగో గడిచేవి, ఆదివారాలే గడిచేవి కావు. ఒక ఆదివారం బస్సెక్కి ఈ కోటకు వెళ్లాను. తర్వాత అది అలవాటైపోయింది. లెక్కపెట్టలేదుగానీ ఇరవైసార్లయినా ఎక్కి ఉంటాను. ఎక్కిన కొద్దీ ఒక సంగతి తెలిసింది. సైనికుడి కళ్లతో చూస్తే అక్కడ రాయి కనిపిస్తుంది. బ్యాంకు మనిషి కళ్లతో చూస్తే గోడౌన్లు, తాళాలు, లెక్కలు, ట్రాన్స్‌ఫర్లు కనిపిస్తాయి. ఆ కోట తలరాతను రాసినవి ఎక్కువగా ఈ రెండో రకం సంగతులే.

ముందు కొండ. కళ్లంలో ధాన్యం రాశి పోసినట్టు, చదును నేల మీద సుమారు 200 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని కింది భాగాన్ని చుట్టూ నిలువుగా చెక్కేశారు. దాదాపు 50 మీటర్ల గోడ అది. కట్టిన గోడ కాదు, కొండనే చెక్కి నిలబెట్టిన గోడ. ఉడుము పాకినా పట్టు దొరకదు. ఎల్లోరాలో కొండను పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి కైలాస దేవాలయాన్ని దింపిన ప్రాంతం కదా, ఆ చుట్టుపక్కల రాతిపని చేసేవాళ్లకు ఇదేమీ కొత్త విద్య కాదు.

1187 ప్రాంతంలో యాదవ రాజు ఐదో భిల్లముడు దీన్ని రాజధాని చేసుకున్నాడు. అప్పటి పేరు దేవగిరి. మా ఓరుగల్లు వాళ్లకు ఆ పేరు వింటే పాత పగ ఒకటి గుర్తుకు రావాలి. కాకతి రుద్రదేవుడు యాదవులతో యుద్ధంలోనే పోయాడు. ఆయన తమ్ముడు మహాదేవుడూ అంతే. మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు యాదవులకు బందీగా చిక్కాడు. 1199లో వాళ్లే విడిచిపెట్టి రాజ్యానికి పంపారు. అలా తిరిగొచ్చినవాడు అరవై ఏళ్లకు పైగా పాలించాడు. మనం ఇవాళ చూసే రామప్ప గుడి ఆయన కాలంలో కట్టిందే. ఆయన కూతురే రుద్రమదేవి. అవతల దేవగిరి వైభవమూ తక్కువదేం కాదు. సంగీత రత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు సింఘణుడి ఆస్థానంలో ఉన్నవాడు. జ్ఞానేశ్వరుడు భగవద్గీతకు మరాఠీలో వ్యాఖ్యానం పూర్తి చేసిన 1290లో ఆ రాజ్యం ఏలుతున్నది రామచంద్రదేవుడు.

ఆ రామచంద్రదేవుడి దగ్గరే ఉప్పు బస్తాల కథ మొదలవుతుంది.

1296లో అలాఉద్దీన్ ఖిల్జీ ఈ కోట మీదికి వచ్చాడు. అప్పటికింకా సుల్తాను కాలేదు, గంగ ఒడ్డున కడా అనేచోట గవర్నరు. కొన్ని వేల గుర్రాలతో, ఢిల్లీలో మామకు కూడా చెప్పకుండా వింధ్య దాటి వచ్చేశాడు. రాజుగారి పెద్ద సైన్యం కొడుకు వెంట ఎక్కడో దూరాన ఉంది. రామచంద్రుడు కోటలోకి వెళ్లి తలుపులు వేసుకున్నాడు. కొండ గట్టిది, కాబట్టి తిండి ఉంటే చాలు, ఎన్నాళ్లయినా కూర్చోవచ్చు. చరిత్రకారుడు ఫెరిష్తా ఏం రాశాడంటే, ఆ హడావుడిలో కొంకణం వైపు నుంచి వచ్చిన వర్తకుల బస్తాలు కోట దాపుల్లో ఉంటే, ధాన్యమనుకుని వాటిని గబగబా లోపలికి చేరవేశారట. బయట కొడుకు సైన్యం తిరిగొచ్చి పోరాడి ఓడిపోయింది. అయినా లోపల ధైర్యంగానే ఉన్నారు. తీరా బస్తాలు విప్పితే అన్నీ ఉప్పు! ఇక చేసేదేముంది, సంధి చేసుకుని బంగారం, ముత్యాలు, ఏనుగులు ఇచ్చుకున్నారు. ఆ ధనంతోనే అలాఉద్దీన్ మామను చంపించి ఢిల్లీ సింహాసనం ఎక్కాడు.

ఫెరిష్తా ఇది జరిగిన మూడు వందల ఏళ్ల తర్వాత రాసినవాడు. కథలో కొంత తాలింపు ఉండే ఉంటుంది. కానీ పల్లెటూరి బ్రాంచీలో ప్లెడ్జ్ లోన్లు చూసినవాళ్లెవరైనా ఈ కథ వింటే నవ్వరు. రైసుమిల్లు గోడౌన్‌కు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్తాం. వరసలు లెక్కపెడతాం. ముందు వరసలో వడ్లే ఉంటాయి. వెనక వరసలో ఊక ఉండవచ్చు. అందుకే మా మొదటి మేనేజరుగారు బస్తాలో గుచ్చి గింజలు తీసే ఇనప గొట్టం సొంతంగా కొనుక్కుని స్కూటరు డిక్కీలో పెట్టుకునేవారు. "బస్తాలు లెక్కపెట్టడానికి నువ్వెందుకమ్మా, వాచ్‌మన్ చాలు" అనేవారు. మహాకోట్ ద్వారం దాటి లోపలికి అడుగుపెట్టినప్పుడల్లా నాకు ఆయనే జ్ఞాపకం వచ్చేవారు.

ఆ తర్వాత దేవగిరి తెలుగుదేశం మీదికి వచ్చే ప్రతి దండుకూ మజిలీ అయింది. 1309లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లుకు ఇటు మీదుగానే వచ్చాడు. 1321లో ఉలూగ్ ఖాన్ ఓరుగల్లును ముట్టడించి, సైన్యంలో కల్లోలం రేగితే వెనక్కి తగ్గి దేవగిరికే చేరుకున్నాడు. అక్కడే బలం కూడగట్టుకుని 1323లో మళ్లీ వచ్చాడు. ఈసారి ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు దారిలో నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఆ ఉలూగ్ ఖానే రెండేళ్లకు ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు.

ఇక ట్రాన్స్‌ఫర్ల సంగతి. మన కుటుంబాలకు తుగ్లక్ గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఏప్రిల్, మే నెలల్లో లిస్టు వచ్చినప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకసారి ఆయన పేరు వినిపిస్తుంది.

1327లో ఆయన దేవగిరికి దౌలతాబాదు అని పేరు పెట్టి రాజధానిని ఇక్కడికి మార్చాడు. నిజానికి ఆలోచనలో పసలేకపోలేదు. రాజ్యం దక్షిణానికి విస్తరించింది, ఢిల్లీ ఒక మూలకు అయిపోయింది, ఈ కోట నట్టనడుమ ఉంది. ఢిల్లీ నుంచి ఇక్కడికి నలభై రోజుల ప్రయాణమని ఇబ్న్ బతూతా రాశాడు. దారి పొడవునా చెట్లు నాటించారని, మజిలీలు ఏర్పాటు చేశారని, వచ్చేవాళ్లకు దారి ఖర్చులు ఇచ్చారని కూడా ఆనాటివాళ్లు రాశారు. అంటే జాయినింగ్ టైమూ, ట్రావెలింగ్ అలవెన్సూ అన్నీ ఉన్నాయన్నమాట! అయినా ఆ హుకుం జనం గుండెల్లో ముల్లులా దిగింది. ఎందుకని? ఇల్లు వదిలి వెళ్లేవాళ్లను ఎవరూ అడగలేదు కాబట్టి. ముసలివాళ్లు దారిలో పోయారు, చేరినవాళ్లు బెంగతో కుంగారు. ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి "ఇష్టమైనవాళ్లు తిరిగి వెళ్లవచ్చు" అని మరో ఆర్డరు వచ్చింది.

ఢిల్లీలో ఒక గుడ్డివాడు, ఒక కుంటివాడు మిగిలిపోతే, గుడ్డివాణ్ని దౌలతాబాదు దాకా ఈడ్చుకు రమ్మన్నారనీ, చివరికి ఒక కాలు మాత్రమే చేరిందనీ బతూతా ఒక కథ చెప్పాడు. ఆయన ఢిల్లీకి వచ్చింది ఈ మార్పు జరిగిన ఆరేడేళ్లకు. విన్నది రాశాడు. ఢిల్లీ మొత్తం ఖాళీ అయిందనే మాటను ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకోరు. 1327, 1328 సంవత్సరాల సంస్కృత శాసనాలు ఢిల్లీ దగ్గరే దొరికాయి. వాటిలో ఊరు కళకళలాడుతూనే ఉంది. తరలించింది ముఖ్యంగా పెద్ద ఉద్యోగులను, పండితులను, సూఫీలను, వాళ్ల కుటుంబాలను. అంటే మన భాషలో ఆఫీసర్ క్యాడరును.

ఆ కుటుంబాల్లో ఒకదాని గురించి చెబుతాను. తండ్రి వెంట ఒక చిన్నపిల్లవాడు ఢిల్లీ నుంచి ఇక్కడికి వచ్చాడు. తండ్రి ఇక్కడే చనిపోయాడు. తల్లి పిల్లవాణ్ని తీసుకుని మళ్లీ ఢిల్లీ వెళ్లిపోయింది. ఆ పిల్లవాడు పెద్దవాడై, ముసలివాడై, ఎనభై ఏళ్లు దాటాక దక్కనుకు తిరిగి వచ్చి గుల్బర్గాలో స్థిరపడ్డాడు. మీలో చాలామంది ఆయన దర్గాకు వెళ్లే ఉంటారు. ఆయనే ఖ్వాజా బందానవాజ్. ఆయన తండ్రి షా రాజూ సమాధి కోటకు కాస్త అవతల ఖుల్దాబాదులో ఉంది. ఇలా వచ్చినవాళ్లలో తిరిగి వెళ్లనివాళ్లూ చాలామందే. వాళ్లు ఢిల్లీ నుంచి తెచ్చిన మాట ఇక్కడి మరాఠీ, కన్నడం, తెలుగుల పక్కన పెరిగి దక్కనీ అయింది. హైదరాబాదులో ఆటో అతను "నక్కో" అంటాడు చూడండి, ఆ మాట మరాఠీదే. నేను మొదటి నెలలో మా బ్రాంచీ కౌంటరు ముందు ఒక ముసలావిడ "నకో, నకో" అనడం విని, పరాయి ఊళ్లో చుట్టం కనిపించినట్టు సంతోషించాను.

తుగ్లక్ మరో ప్రయోగం మన పనికి ఇంకా దగ్గరిది. 1330 ప్రాంతంలో ఆయన ఇత్తడి, రాగి నాణేలు కొట్టించి, వాటిని వెండి టంకాలతో సమానంగా తీసుకోవాలన్నాడు. ఆలోచనగా చూస్తే ఇది ఇప్పటి మన నోటు లాంటిదే, కాగితం విలువ వేరు, దాని మీద రాసిన విలువ వేరు. కానీ నోటుకు ఉన్న భద్రతా గుర్తులు ఆ నాణేనికి లేవు. ఏ కంసాలి అయినా ఇంట్లో కూర్చుని కొట్టుకోగలిగాడు. ప్రతి ఇల్లూ టంకశాల అయిందని బరనీ రాశాడు. జనం శిస్తు ఇత్తడిలో కట్టి వెండి దాచుకున్నారు. చివరికి సుల్తాను ఓడిపోయి, ఇత్తడి తెచ్చిన వాళ్లకు ఖజానా నుంచి వెండి ఇచ్చాడు. దొంగ నాణేలకు కూడా! ఆ ఇత్తడి తుగ్లకాబాదులో కుప్పలుగా పడి ఉండేదట. 2016 నవంబరులో కౌంటరులో కూర్చున్న వాళ్లకు ఈ కథలోని క్యూ ఎలా ఉండి ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు.

పిల్లలు ఆవులిస్తున్నారు. ఇక కొండ ఎక్కుదాం.

బయటి నుంచి అంబర్‌కోట్, మహాకోట్, కాలాకోట్ అని మూడు ప్రాకారాలు. మహాకోట్ తలుపుల మీద ఏనుగులు తలతో కుమ్మకుండా ఇనప మేకులు ఉంటాయి. ఒక ద్వారం దాటితే రెండోది ఎదురుగా ఉండదు, పక్కకు తిరగాలి. పరుగెత్తుకుంటూ వచ్చిన ఏనుగు ఆ మలుపులో ఆగిపోవాల్సిందే. మన స్ట్రాంగ్ రూముకు కూడా కౌంటరు నుంచి నేరుగా దారి ఉండదు కదా, అదే లెక్క. లోపల సరస్వతి బావి, హాథీ హౌద్ అనే పెద్ద రాతి చెరువు కనిపిస్తాయి. పక్కనే పాత మసీదు. 14వ శతాబ్దం తొలినాళ్లలో ఢిల్లీ సుల్తానులు కట్టించింది, స్తంభాలు అంతకుముందున్న గుళ్లవి. 1347లో బహమనీ రాజ్యానికి తొలి సుల్తాను పట్టాభిషేకం ఈ ఊళ్లోనే జరిగింది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత ఆ మసీదులో భారతమాత విగ్రహం పెట్టారు. ఇప్పుడు దాన్ని భారతమాత మందిరం అంటారు. ఎదురుగా ఎత్తుగా కనిపించేది చాంద్ మీనార్, 15వ శతాబ్దంలో బహమనీలు కట్టింది. ఇక్కడిదాకా దారి చదునే. పెద్దవాళ్లు నింపాదిగా నడవవచ్చు.

కాలాకోట్ లోపల ఒక పాడుపడిన మేడ ఉంది, చీనీ మహల్. దాని గురించి దిగేటప్పుడు చెబుతాను. దాని దగ్గరే బురుజు మీద మేంఢా తోప్. ఫిరంగి వెనక భాగం పొట్టేలు తలలా ఉంటుంది, అందుకే ఆ పేరు. దాని మీద ఔరంగజేబు పేరు చెక్కి ఉంది. పిల్లలకు అదొక్కటి చూపిస్తే టిక్కెట్టు డబ్బులు వచ్చేసినట్టే.

దాని తర్వాత కందకం. అసలు కోట ఇక్కడ మొదలవుతుంది. రాతిని లోతుగా తొలిచిన ఆ కందకాన్ని దాటనిదే పైకి వెళ్లడానికి దారే లేదు. దాటితే అంధేరీ. పేరుకు తగ్గట్టే చీకటి సొరంగం. కొండ లోపల మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. గబ్బిలాల కంపు. ఒకచోట వెలుతురు కనిపిస్తుంది. హమ్మయ్య, బయటికి దారి అనుకుని అటు అడుగేస్తే కింద కందకం. వెలుతురు చూసి ఆశపడ్డవాణ్ని పడేయడానికే అలా చేశారు. సొరంగం పై కొసన మూతి మూసేసి అక్కడ నిప్పు రాజేస్తే పొగంతా లోపలికి నిండుతుంది. గైడు మధ్యలో టార్చి ఒక్క క్షణం ఆర్పుతాడు. వేసవి సెలవుల్లో మా పిల్లలు వచ్చినప్పుడు, ఆ క్షణంలో తొమ్మిదేళ్ల మా అబ్బాయి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో! హనుమకొండలో ఉన్నప్పుడు వాడు చెయ్యి పట్టుకోమంటే సిగ్గుపడేవాడు.

బతూతా ఈ కోట చెరసాల గురించి కూడా రాశాడు. ఎలుకలు పిల్లుల కంటే పెద్దవట, పిల్లులే వాటిని చూసి పారిపోయేవట. ఆ గోతిలో ఉండి బయటపడ్డ ఒక అఫ్ఘాన్ సర్దారు, రాత్రంతా ఎలుకలతో యుద్ధం చేసేవాణ్నని స్వయంగా ఆయనకు చెప్పాడు. ఇప్పుడు అక్కడ ఎలుకలు లేవు పిల్లలూ, కోతులున్నాయి. చేతిలో తినుబండారాలు పెట్టుకోకండి.

అంధేరీ దాటాక వినాయకుడి గుడి, ఇంకా పైకి వెళ్తే బారాదరి, షాజహాన్ కాలం నాటి మండపం. అక్కడి గాలికి అలసట పోతుంది. శిఖరం దగ్గర ఒక చిన్న గుహ ఉంది. అది నాకు కోట మొత్తంలో ఇష్టమైన చోటు. జనార్దనస్వామిది అంటారు. 16వ శతాబ్దంలో ఆయన ఈ కోటకు అధికారి, అదే సమయంలో సాధువు. పైఠాన్ నుంచి, అంటే మన శాతవాహనుల ప్రతిష్ఠానపురం నుంచి, ఏకనాథుడనే కుర్రవాడు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి శిష్యుడయ్యాడు. తర్వాత మహారాష్ట్రమంతా కొలిచే సంత్ ఏకనాథ్ ఆయనే.

గురువుగారు శిష్యుడికి ధ్యానం నేర్పలేదు, లెక్కలు అప్పజెప్పారు. మరాఠీవాళ్లు ఈ కథ ఇలా చెప్పుకుంటారు. ఒకరోజు జమాఖర్చుల్లో ఒక్క పైసా తేడా వచ్చింది. ఏకనాథుడు దీపం పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాడు. మూడో జాముకు తేడా దొరికింది. సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాడు. చప్పుడుకు లేచి వచ్చిన గురువుగారు, "ఒక్క పైసా దొరికితేనే ఇంత ఆనందమా! ఇదే ఏకాగ్రత దేవుడి మీద పెట్టు" అన్నారట.

కథ భక్తిది. నేను మాత్రం ఆ చప్పట్ల దగ్గరే ఆగిపోతాను. కంప్యూటర్లు లేని రోజుల్లో ఉద్యోగంలో చేరినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, అందరూ నవ్వుతున్నారు. సేవింగ్స్ లెడ్జర్ల బ్యాలెన్సింగ్ మీకు గుర్తుంది. తేడా తొమ్మిదితో భాగించబడితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అర్థం, 54 బదులు 45 పడిందన్నమాట. రెండుతో భాగించి వచ్చిన అంకె ఎక్కడైనా కనిపిస్తే, జమ ఖర్చులో పడిందని అనుమానం. రాత్రి పదింటికి ఆ ఒక్క పైసా దొరికినప్పుడు బ్రాంచీ అంతా కేకలు వేసేది. ఇంట్లో అన్నం చల్లారిపోయేది. ఆ చల్లారిన అన్నం వెనక కూర్చున్నవాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఆ గుహ ముందు కూర్చున్న ఒక సాయంత్రం మావారికి ఫోన్ చేసి, ఇన్నేళ్లూ క్లోజింగ్ రోజుల్లో నాకోసం మెలకువగా ఉన్నందుకు మొదటిసారి థాంక్స్ చెప్పాను. "ఎండ దెబ్బ తగిలిందా?" అన్నారు.

ఇప్పుడు దిగుదాం. దిగేటప్పుడు చీనీ మహల్ దగ్గర తప్పకుండా ఆగండి. నీలం, తెలుపు పింగాణీ పలకలు అతికించిన మేడ కాబట్టి ఆ పేరు. ఇప్పుడు పైకప్పు లేదు, పలకల ముక్కలు అక్కడక్కడా మిగిలాయి. టూరిస్టులు రెండు నిమిషాలు కూడా ఉండరు. మనం ఉండాలి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, మన భద్రాచలం కథలోని తానీషా, బందీగా బతికింది ఇక్కడే.

తానీషా సింహాసనం ఎక్కకముందు చాలా ఏళ్లు హైదరాబాదులో ఒక సూఫీ గురువు దగ్గర అనామకుడిగా గడిపాడు. రాజయ్యాక మన హనుమకొండ వాళ్లు అక్కన్న, మాదన్నలకు రాజ్యభారం అప్పగించాడు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా గోల్కొండ లొంగలేదు. లోపలివాడొకడు లంచం తీసుకుని రాత్రివేళ తలుపు తీశాడు. జాయింట్ కస్టడీ ఎందుకు పెట్టారని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు, గోల్కొండ ఆ తలుపు దగ్గరే పోయింది మరి. మొఘల్ అధికారులు వచ్చేసరికి తానీషా కంగారుపడలేదని, వాళ్లను కూర్చోమని మర్యాద చేసి, తను మామూలుగా ఫలహారం చేశాడని ఖాఫీ ఖాన్ రాశాడు. తర్వాత ఆయన్ను ఇక్కడికి పంపారు. దాదాపు పన్నెండేళ్లు ఈ గోడల మధ్య గడిపి, ఇక్కడే పోయాడు.

పన్నెండేళ్లు అనగానే తెలుగువాళ్లకు ఎవరు గుర్తొస్తారు? శిస్తు సొమ్ముతో గుడి కట్టినందుకు పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్నను పన్నెండేళ్లు గోల్కొండ చెరలో ఉంచారని కథ. పైసా పైసా చేరేదాకా వదల్లేదు. రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారని మనం పాడుకుంటాం. గోల్కొండకు వెళ్లిన ప్రతివాడూ రామదాసు చెర చూసి కళ్లు తుడుచుకుంటాడు. చెరలో పెట్టినవాడి చెర ఇక్కడుందని మాత్రం చాలామందికి తెలియదు. ఇవాళ్టికీ శ్రీరామనవమికి భద్రాద్రి రాముడి తలంబ్రాలకు ప్రభుత్వం ముత్యాలు పంపుతుంది. ఆ ఆనవాయితీ తానీషా పేరు మీదే ఉంది. అది తలచుకుని ఆ కూలిన మేడ ముందు నిలబడితే ఎవరి మీద జాలిపడాలో తెలియదు. మా అత్తగారిని ఒకసారి తీసుకెళ్లాను. ఆవిడ రామభక్తురాలు. తానీషా సంగతి చెబితే చాలాసేపు మౌనంగా ఉండి, "పాపం, ఈయన బాకీ కట్టడానికి ఎవరూ రాలేదా?" అన్నారు.

మిగతా కుతుబ్ షాహీల సమాధులు గోల్కొండ పక్కనే ఉన్నాయి. తానీషాది మాత్రం ఖుల్దాబాదులో ఉంది. దౌలతాబాదు నుంచి ఎల్లోరా వెళ్లే దారిలోనే ఆ ఊరు వస్తుంది. ఆయన రాజ్యాన్ని తీసుకున్న ఔరంగజేబు సమాధి కూడా అదే ఊళ్లో ఉంది. ఎవరైనా ఔరంగజేబుది ఎక్కడని అడిగితే చూపిస్తారు. తానీషాది కాస్త వెతుక్కోవాలి.

ఇక పనికొచ్చే మాటలు. ఎల్లోరాకు మంగళవారం సెలవు, అజంతాకు సోమవారం. ఆ రెండు రోజులూ చూసుకుని కార్యక్రమం వేసుకోండి. కోటకు పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే ఆ నల్లరాయి కాలిపోతుంది. వేసవి వద్దు, వానలు వెనకబట్టాక పచ్చగా ఉంటుంది. అంధేరీకి ప్రతి ఇద్దరికీ ఒక టార్చి ఉండాలి, ఫోను వెలుతురు చాలదు. చెప్పులు కాదు, బూట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చీనీ మహల్ దాకా వచ్చి ఆగిపోండి, పైవాళ్లు దిగేదాకా అక్కడ కూర్చోవచ్చు. పైదాకా ఎక్కి దిగడానికి మూడు గంటలు పెట్టుకోండి. దారిలో కాగజీపురా అని చిన్న ఊరుంది, చేత్తో కాగితం చేస్తారు. తుగ్లక్ కాలంలో వచ్చిన పనివాళ్ల ఊరని చెప్పుకుంటారు. అక్టోబరులో వెళ్తే రోడ్డు పక్కన బుట్టల్లో సీతాఫలాలు అమ్ముతుంటారు. మన మహబూబ్‌నగర్ కాయతో పోటీకి దిగుతుందా అని ఎవరూ వాదన పెట్టుకోకండి, ముందు తిని చూడండి.

టూర్ ఏజెంట్లు ఇచ్చే కార్యక్రమంలో దౌలతాబాదుకు "బయటి నుంచి దర్శనం, పదిహేను నిమిషాలు" అని ఉంటుంది. దాన్ని కొట్టేసి మూడు గంటలని రాయించుకోండి. ఎల్లోరా మధ్యాహ్నం చూసుకోవచ్చు. బుకింగ్ చేస్తున్నవాళ్లు ఇక్కడే ఉన్నట్టున్నారు. భోజనాలకు ఇంకా పావుగంట ఉంది, ఈలోగా ఎవరికైనా సందేహాలుంటే అడగండి.